కండ్లు ఆఖరికే

చిన్నీ, నిన్న నువ్వు ఫోనులో పంపిన బొమ్మ చూసి ఒక్కదాన్నే కూర్చుని ఎంతసేపు నవ్వానంటే, పక్కింటామె గోడ మీదుగా తొంగిచూసి "ఏమైంది టీచరమ్మా, పానం మంచిగనే ఉన్నదా?" అని అడిగింది. బొమ్మ కింద నువ్వు రాసిన ప్రశ్న అలాంటిది మరి. "అవ్వా, ఈమె కళ్లను పళ్లెంలో పెట్టుకుని ఎందుకు నిలబడింది? ఎవరికైనా వడ్డిస్తుందా? తమ్ముడు భయపడి దుప్పటి కప్పుకున్నాడు."

వడ్డించదు. తమ్ముడిని దుప్పటి తీసేయమను. ఆమె పునీత లూసియా. దేవుడి కోసం కళ్లు పోగొట్టుకుందని కథ. కొన్ని వందల ఏళ్ల కిందట ఇటలీ దేశంలో చెక్కపలకల మీద ఇలాంటి బొమ్మలు చాలా వేశారు. అప్పటి జనంలో చదువు వచ్చినవాళ్లు తక్కువ. అందుకని ఎవరు ఏ పునీతులో తెలియడానికి ఒక్కొక్కరి చేతిలో ఒక్కో వస్తువు పెట్టేవాళ్లు. పేతురుకు తాళంచెవులు, లూసియాకు కళ్లు. ముఖంలో ఉన్నవి దేవుడు మళ్లీ ఇచ్చినవి, పళ్లెంలో ఉన్నవి పోయినవి.

కానీ ఆ బొమ్మ చూడగానే నాకు గుర్తొచ్చింది లూసియా కాదు, ఆమెను మన ఊరి గుడికి వేసిన మనిషి. మీరు గౌహతిలో పుట్టి పెరిగారు, ఈ ఊరికి వచ్చింది రెండేసార్లు. ఆ రెండుసార్లూ ఆమె ఏదో ఊళ్లో గోడకు సున్నం వేస్తూ ఉండి ఉంటుంది. కాబట్టి నేనే చెప్పాలి.

ఆమె పేరు రాయను. రాస్తే ఒప్పుకునేది కాదు. ఆమెకు ఎవరి పేర్లూ గుర్తుండేవి కావు, గుర్తుంచుకోవాలన్న కోరికా లేదు. మనిషి చేతిలో ఏముంటే అదే ఆ మనిషి పేరు. గుడి గంట కొట్టి ప్రార్థనలు చెప్పించే ఉపదేశి ఆమెకు "గంట సారు". ఎప్పుడూ పుస్తకంతో తిరిగే మా కుర్ర ఫాదర్ "బుక్కు ఫాదర్". నేను బడి నుంచి రిటైరై ఏళ్లు గడిచినా "సుద్దముక్క టీచరమ్మ"నే. ఎవరి గురించి చెప్పబోయినా చెయ్యి అడ్డం పెట్టి ఆపేది.

"పేరు తర్వాత. చేతుల ఏమున్నదో చెప్పు ముందుగాల."

పొట్టి మనిషి, గుండ్రంగా ఉండేది. నవ్వితే తొడ మీద చరుచుకునేది, తన తొడ అందకపోతే పక్కవాళ్ల తొడ మీద. కనుబొమ్మల్లో ఎప్పుడూ సున్నం. కుంచె తుడవడానికి గుడ్డ వాడేది కాదు, తలకే తుడుచుకునేది. జుట్టు చూస్తే ఆ రోజు ఏ రంగు పని నడిచిందో తెలిసిపోయేది.

హాలియా రోడ్డు పొడుగునా గోడల మీద బోరు మోటార్లు, విత్తనాలు, సిమెంటు ప్రకటనలు ఒకప్పుడు ఆమె, ఆమె భర్త కలిసి వేసినవే. ఆయన అక్షరాలకు గీతలు గీస్తే ఈమె లోపల రంగు నింపేది. ఏం నింపుతోందో చదవడం రాదు. ఆయన పోయాక కూడా బొమ్మల పని ఈమె చేతిలోనే ఉండింది. తెలంగాణ వచ్చిన కొత్తలో మా దగ్గర ఫ్లెక్సీ మిషన్లు పెరిగాయి. గోడలన్నీ చేయిజారాయి. మిగిలింది ఇళ్లకు సున్నం, ఏటా బోనాలకు ముందు పోచమ్మ గుళ్లకు రంగులు, అంతే.

అప్పుడే మేం కొత్త గుడి కట్టుకున్నాం. ఫాదర్ కోస్తా నుంచి వచ్చినవాడు, పైచదువులు చదివి ఒక లావు పుస్తకం వెంట తెచ్చుకున్నాడు. నిండా ఆ ఇటలీ చెక్కబొమ్మలు, బంగారు రంగు పేజీలు. గుడిలోపల అలాంటివి ఎనిమిది పెట్టాలని ఆయన కోరిక. కూలగొట్టిన ఒక పాత ఇంటి తలుపుల నుంచి ఎనిమిది చెక్కలు తీయించాడు. గోడలకు సున్నం వేస్తున్న ఈమెను పిలిచి, పుస్తకం ముందు కూర్చోబెట్టి, కథలు చెప్పడానికి నన్ను పక్కన కూర్చోబెట్టాడు.

మొదటి పేజీలోనే ఆగిపోయింది.

"గీయనెవరు? మంచం మోసుకపోతాండు?"

"లారెన్సు. అది మంచం కాదక్కా, ఇనుప జాలి. దాని మీద పడుకోబెట్టి కాల్చారు."

"కాల్చి సంపినంక మళ్ల దాన్నే సంకల వెట్టుకొని తిరుగుతుండా?"

"అది ఆయన విజయానికి గుర్తండి," అన్నాడు ఫాదర్.

ఆ మాట ఆమెకు అందలేదని నాకు అర్థమైంది. అందుకని మామూలు కథ చెప్పాను. కాలుస్తున్నప్పుడు లారెన్సు వాళ్లతో, ఈ వైపు బాగా కాలింది, ఇక తిప్పండి అన్నాడట. అంతే. చటుక్కున నా తొడ మీద దెబ్బ పడింది. నవ్వు, నవ్వు, కళ్ల నుంచి నీళ్లు కారేలా నవ్వు.

"గీయన మనోడే టీచరమ్మా! గీయన్ని నేనే ఏస్త. ఎవ్వనికీ ఇయ్యకుండ్రి!"

తర్వాతి పేజీలో పటకారుతో పన్ను పట్టుకున్న అపొల్లోనియా.

"పండ్ల డాక్టరమ్మనా?"

"కాదు, ఈమె పళ్లు ఊడగొట్టారు."

"అయ్యో బిడ్డా. నాకు గూడ రెండొద్దుల సంది దవడ గుంజవట్టె," అని చెంప ఆ పేజీకి ఆనించి కాసేపు అలాగే ఉంది. ఫాదర్ పుస్తకం వైపు, ఆ చెంప మీది సున్నం వైపు మార్చి మార్చి చూశాడు.

అలా మొదలైంది. ముందు చెక్కలకు సుద్ద, జిగురు కలిపి మందంగా పూసింది. ఆ కాలంలో రంగులు కోడిగుడ్డు పచ్చసొనలో కలిపేవారని ఫాదర్ చదివి చెప్పగానే "గంతేనా? సున్నంల తుమ్మ బంక కలుపుత లేమా?" అని తేల్చేసింది. ఆదివారం గుడికి వచ్చేవాళ్లు తలా రెండు నాటుకోడి గుడ్లు తేవాలని కబురు వెళ్లింది. గుడ్డు పగలగొట్టి పచ్చసొనను ఈ అరచేతి నుంచి ఆ అరచేతికి మారుస్తూ తడి ఆరనిచ్చేది. తర్వాత దాని పొరను రెండు వేళ్లతో పట్టుకుని, కింద సూదితో గుచ్చి, లోపలిది గిన్నెలోకి జార్చేది. ఖాళీ పొర వేళ్లకు వేలాడుతుంటే పిల్లలు చూడ్డానికి ఎగబడేవాళ్లు. తెల్లసొన అంతా ఫాదర్ వంటింటికి. రెండు నెలలు పొద్దున తెల్లట్టు, మధ్యాహ్నం తెల్లకూర. ఒక రోజు ఫాదర్ నా దగ్గరికి వచ్చి, "టీచరమ్మగారూ, మీ ఇంట్లో పప్పు ఏమైనా ఉందా?" అని అడిగాడు.

బంగారం ఎక్కడ తెస్తాం? ఇంటింటికీ వెళ్లి పాత పెళ్లిపత్రికలు అడిగింది. వాటి మీది బంగారు కాగితం నీళ్లలో నానబెట్టి ఒలిచి, పునీతుల తలల వెనుక అంటించింది. బార్బరా అనే ఇంకో పునీతురాలి తల చుట్టూ ఉన్న వెలుగును దగ్గరికెళ్లి చూస్తే, ఒక మూల చిన్న వినాయకుడు ఉబ్బెత్తుగా కనిపిస్తాడు. ఫాదర్‌కు చాలాకాలం తెలియదు. మేం చెప్పలేదు.

జెరోము పక్కన, ఆయన కాలి ముల్లు తీసి మచ్చిక చేసిన సింహం ఉండాలి. ఆమె పులిని వేసింది.

"అమ్మా, సింహానికి చారలుండవు," అన్నాడు ఫాదర్.

"నేను సింహాన్ని సూడలే. అమ్రాబాద్ అడవిల బంగ్లాకు సున్నమెయ్య పోయినప్పుడు పులిని సూసిన. గది గూడ నన్ను సూసింది. సూసిందాన్నే ఏస్త."

"పుస్తకంలో సింహం ఉంది కదా!"

"పుస్తకంలది నన్ను సూసిందా?"

జెరోము పక్కన పులి ఉండిపోయింది.

ఇంత నవ్వుల మధ్య ఒక సంగతి నేను చాలా రోజులు గమనించలేదు. బొమ్మల గీతలన్నిటినీ ఆమె మేకుతో సుద్దలోకి లోతుగా గీరేది. రంగు వేసేటప్పుడు ఎడమచేతి చూపుడువేలు ఆ గాడి వెంట నడిచేది, కుంచె దాని వెనకే వెళ్లేది. అది ఆమె పద్ధతి అనుకున్నాను. రంగు గిన్నెలు ఎప్పుడూ కుడి మోకాలి దగ్గర ఒకే వరసలో ఉండేవి. ఒక మధ్యాహ్నం నేను నేల ఊడుస్తూ గిన్నెలు పక్కకు జరిపి, మళ్లీ పెట్టడంలో ఎరుపు ఉన్నచోట నీలం పెట్టాను. ఆమె కుంచె ముంచి, కూనిరాగం తీస్తూ, లారెన్సు ఎర్ర అంగీ సగం నీలంగా నింపేసింది. రాగం ఆగలేదు.

చీపురు పక్కన పెట్టి వెళ్లి ఆమె ముందు కూర్చున్నాను.

"అక్కా, నీకు కళ్లు కనిపించడం లేదు."

"మెల్లగ మాట్లాడు!"

"నేనెప్పుడూ మెల్లగనే మాట్లాడుతా గద."

"ఇంకా మెల్లగ."

చుట్టూ ఎవరూ లేరని నన్నే చూడమంది. తర్వాత చెప్పింది. పోయిన దసరా నుంచి రెండు కళ్లకూ పొర పట్టింది. పాలలోంచి చూసినట్టు ఉంటుంది. గోడకు సున్నం వేయడానికి అది చాలు. బొమ్మలకు వేళ్లు ఉన్నాయి.

"దవాఖానకు పోరాదక్కా? చిన్న ఆపరేషన్ అంట."

"చేసినంక నలభై రోజులు వంగొద్దట, దుమ్ముల తిరగొద్దట, కుంచె ముట్టొద్దట. గప్పటిదాంక నీ బుక్కు ఫాదర్ ఆగుతడా? బిషపయ్య వచ్చే తారీకు ఖాయమైపాయె. పని కాకుంటే నల్లగొండల ఫ్లెక్సీ ఏయిస్తనని గంట సారుతోని అంటుంటే నా చెవులార విన్న." కుంచెను తలకు తుడుచుకుంది. నెరిసిన జుట్టులో నీలం గీత పడింది. "ఇరవై ఏండ్లు గోడలు నింపినం టీచరమ్మా. ఒక్కటి మిగల్లే. గీ ఎనిమిది చెక్కలన్న నా చేతివి మిగలాలె. నువ్వు చెప్పినవో..."

"చెప్పను."

"సుద్దముక్క మీద ఒట్టు?"

"ఒట్టు."

నేను ఎవరికీ చెప్పలేదు. నీలం అంగీని ఎర్రగా మార్చడానికి ఇంకో పన్నెండు గుడ్లు పట్టాయి. ఫాదర్ ఇంకో రోజు తెల్లకూర తిన్నాడు.

అయితే అసలు చిక్కు ముందుంది. చేతులు, అంగీలు, చక్రాలు, తాళంచెవులు వేలితో తడిమి వేయొచ్చు. కళ్లు? కళ్లకు మాత్రం ఆమె గాడి గీయలేదు. గీస్తే అప్పుడే తెరిచినట్టు. పోచమ్మ గుళ్లలో ఆమె పద్ధతి ఒకటే. బొమ్మ అంతా అయ్యాక, నిలబెట్టాల్సిన చోట నిలబెట్టాక, పండుగ పొద్దున, ఎదురుగా అద్దం పట్టించి కళ్లు తెరుస్తుంది. మొదటి చూపు అమ్మవారు తన ముఖాన్నే చూసుకోవాలి.

"పోచమ్మకైనా పేతురుకైనా ఒకటే లెక్క. కండ్లు ఆఖరికే."

దాంతో నెల రోజుల పాటు మా గుడిలో ఎనిమిది మంది పునీతులు కళ్లు లేకుండా నిలబడ్డారు. ముక్కు ఉంది, నోరు ఉంది, కనుబొమ్మల కింద తెల్లటి సుద్ద. ఆడవాళ్లు జపమాల చెప్పుకోవడానికి వచ్చి గోడకు వీపు తిప్పి కూర్చునేవాళ్లు. గంట సారు భార్య ఎనిమిదింటికీ ధోవతులు కప్పింది. ఫాదర్ బతిమాలాడు. ఆమె వినలేదు. నా మటుకు నాకు నిద్ర పట్టలేదు. కనిపించని మనిషి వేలికొస అంత కన్ను ఎలా వేస్తుంది?

దానికీ ఆమె దగ్గర ఉపాయం ఉంది. నిచ్చెన కింద అద్దం పట్టుకుని నిలబడేది నేనే. వాకిలి ఎండను అద్దంతో బొమ్మ ముఖం మీదికి కొట్టాలి. ఆ వెలుగులో ఆమెకు ముఖం లీలగా కనిపిస్తుంది. కుంచె ఎక్కడ పెట్టాలో నేను చెప్పాలి. కానీ మాటతో కాదు. కొత్త గుడి, గుసగుసను కూడా గోడలు పట్టుకుని అందరికీ వినిపిస్తాయి.

"ఒకసారి దగ్గితే పైకి, రెండుసార్లు దగ్గితే కిందికి. గొంతు సవరిస్తే తలుపు దిక్కు. తుమ్మితే పీఠం దిక్కు."

"తుమ్ము అడిగితే వస్తదా అక్కా?"

"ముక్కుపొడి తెచ్చుకో. సరిగ్గ ఉంటే 'ఆమెన్' అను. గుడిల ఆమెన్ అంటే ఎవ్వలు అనుమానపడరు."

బిషప్ గారు గుడిని ఆశీర్వదించడానికి వచ్చే ఆ పొద్దున మీరు చూడాల్సింది. ఒకవైపు మామిడాకులు కడుతున్నారు, ఒకవైపు నేల తుడుస్తున్నారు. ఆమె కొంగు బిగించి నిచ్చెన ఎక్కింది. నేను కింద అద్దం పట్టుకుని నిలబడ్డాను, జీవితంలో మొదటిసారి చేస్తున్న దొంగపని. లారెన్సుతో మొదలు. ఒక దగ్గు. ఇంకో దగ్గు. ఆమెన్. చుక్క పడింది. తెల్లటి సుద్దలోంచి లారెన్సు ఒక్కసారిగా నన్ను చూశాడు. రెండో కన్నుకు రెండు దగ్గులు, ఒక తుమ్ము, ఆమెన్. లారెన్సు నవ్వుతున్నాడు. నిజంగా, ఆ కళ్లు పడగానే నోరు కూడా నవ్వుతున్నట్టయింది.

బార్బరా అయ్యేసరికి గంట సారు భార్య మిరియాల కషాయం తెచ్చింది. "పాపం, జలుబు చేసినట్టుంది టీచరమ్మకు." తాగాను. జెరోముకు, పులికి కలిపి నాలుగు కళ్లు అయ్యేసరికి ఇంటికెళ్లి దగ్గుమందు సీసా తెచ్చింది. రెండు చెంచాలు నోట్లో పోసింది. అద్దం వదలలేను, వద్దనలేను. మింగాను.

పేతురు దగ్గర తప్పు జరిగింది. కుంచె కొస సరిగ్గా తాకబోతున్న క్షణంలో గంట సారు వాకిట్లో నిలబడి గట్టిగా గొంతు సవరించుకుని, "బిషప్ గారి కారు బయలెల్లిందట!" అని ప్రకటించాడు. పైన ఆమె ఆ గొంతు నాదే అనుకుంది. పేతురు నల్లగుడ్డు తలుపు దిక్కు జరిగింది. ఒకటి జరిగాక రెండోది కూడా దానికి తోడుగా జరపక తప్పలేదు. ఏం చేయను, ఆమెన్ అన్నాను.

చివరికి లూసియా. ముఖంలో కళ్లు రెండూ చక్కగా వచ్చాయి, అన్నిటికంటే అందంగా. ఇక పళ్లెంలోవి మిగిలాయి. కుంచె పళ్లెం దగ్గరికి వచ్చింది. అప్పుడే బయట కారు ఆగిన చప్పుడు, చప్పట్లు, పాట. అరగంట ముందే వచ్చేశారు. ఫాదర్ ముందు, బిషప్ గారు వెనక, ఆయన వెనక ఊరంతా గుడిలోకి వచ్చారు. గంట సారు చంకలో పొడుగాటి చుట్ట ఒకటి ఉంది. ఫ్లెక్సీ. ఎందుకైనా మంచిదని ముందే వేయించి దాచారన్నమాట.

అది చూడగానే నా గొంతులో మిరియాలు, దగ్గుమందు, ముక్కుపొడి అన్నీ కలిసి ఒక్కసారి ఎగదన్నాయి. నిజం దగ్గు. ఆపలేని దగ్గు. ఒకటి కాదు, పది, ఇరవై. గుడి మొత్తం నా దగ్గు వింటోంది. పైన కుంచె పైకి వెళ్లింది, ఇంకా పైకి వెళ్లింది, పళ్లెం దాటింది, ముఖం దాటింది, తల దాటింది. ఆమె నిచ్చెన మీద మునివేళ్ల మీద లేచి, గట్టిగా అరిచింది.

"ఇంకెంత పైకి పోవాలె టీచరమ్మా? చెక్క అయిపాయె!"

ఫాదర్ ముఖం తెల్లసొనలా అయిపోయింది.

"ఏం జరుగుతోంది?" అని అడిగారు బిషప్ గారు.

ఆమె ఆ గొంతు వచ్చిన దిక్కుకు తిరిగింది, కొంచెం తప్పు దిక్కుకు. అప్పుడు అందరికీ అర్థమవడం మొదలైంది. కుంచె కొంగులో చుట్టుకుని చెప్పింది.

"నాకు కండ్లు కనవడవయ్యా. ఏడాది కావస్తాంది. చెప్తే పని గుంజుకుంటరని చెప్పలే. టీచరమ్మ దగ్గింది, నేను ఏసిన. తప్పు నాది, దగ్గు ఆమెది."

"నా మందంత ఉత్తగనే తాగినవా?" అని గంట సారు భార్య వెనక నుంచి కేకేసింది. ఎవరో ఫక్కుమన్నారు. ఫాదర్ చేయెత్తాడు, నవ్వు ఆగింది. గంట సారు చుట్టను చంకలోంచి చేతిలోకి తీసుకున్నాడు. నేను ఆ చేతినే చూస్తున్నాను.

బిషప్ గారు గోడ వెంట నడిచారు. ఒక్కో బొమ్మ ముందు ఆగారు. పులి దగ్గర కొంచెం ఎక్కువసేపు. పేతురు దగ్గర ఇంకా ఎక్కువ.

"అమ్మా, పేతురు పక్కకు చూస్తున్నాడేమిటి?"

ఆమె ఉలిక్కిపడి నా వైపు వంగింది. "పక్కకు పోయినయా?" అని గొణిగింది. "పోయాయి," అన్నాను. ఒక్క క్షణం కూడా పట్టలేదు ఆమెకు.

"తాళాలు గాయన చేతులనే ఉన్నయి గదయ్యా. తలుపు దిక్కు సూడకుంటే ఎట్ల?"

బిషప్ గారికి ముందు భుజాలు కదిలాయి. తర్వాత పొట్ట కదిలింది. తర్వాత టోపీ జారింది. ఆయన నవ్వితే ఇక ఆపేదెవరు, గుడంతా నవ్వింది. కళ్లు తుడుచుకుంటూ గంట సారును, "ఆ చుట్ట ఏమిటి?" అని అడిగారు. గంట సారు నసిగాడు. "బయట పిల్లలు ఎండలో కూర్చున్నారు. పందిరి మీద పరచండి," అన్నారు.

ఎనిమిది చెక్కలూ గోడ మీదే ఉన్నాయి. ఆమెకు కనిపించలేదు కానీ నేను చుట్ట బయటికి వెళ్లడం చూసి దగ్గాను, సంతోషంతో. "మళ్ల పైకా?" అంది.

పళ్లెం అలాగే ఖాళీగా ఉంది. ఫాదర్ నెమ్మదిగా అడిగాడు, "అమ్మా, ఈ రెండు కళ్లు?"

"గివి గిప్పుడు తెరవ. నా కండ్లు వచ్చినంక, నేను సూసి తెరుస్త. అందాక పండుకోనియ్యిండ్రి." పళ్లెం అంచును వేలితో తడిమి, రెండు వంపు గీతలు గీసింది, వాటికి రెప్పవెంట్రుకలు పెట్టింది. దానికి దగ్గు అవసరం పడలేదు. పళ్లెంలో రెండు కళ్లు మూసుకుని హాయిగా నిద్రపోయాయి.

ఆ వారమే ఫాదర్ స్వయంగా నల్లగొండ తీసుకెళ్లి కుడికన్నుకు ఆపరేషన్ చేయించాడు. నలభై రోజులు ఆమె ఇంట్లో కూర్చుని ఊరందరినీ విసిగించింది. నలభై ఒకటో రోజు నల్లకళ్లద్దాలు పెట్టుకుని గుడికి వచ్చింది. నేను వెంట ఉన్నాను. వాకిట్లో అద్దాలు తీసింది. తన బొమ్మల్ని తను మొదటిసారి చూడటం అదే.

గోడ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"టీచరమ్మా, గివన్ని నేనే ఏసిన్నా?"

"నువ్వే."

"గా పులి ఏందే, పిల్లి లెక్కున్నది! గా డాక్టరమ్మ పన్ను సూడు, గుమ్మడికాయంత! అవ్వో, పేతురు! ఏ, నిచ్చెన తే, సక్కగ జేస్త."

నేల తుడుస్తున్న ఆడవాళ్లు చీపుర్లతో అడ్డం నిలబడ్డారు. పేతురును ముట్టుకోవడానికి వీల్లేదన్నారు. నెలన్నరగా ఆయన చూపుకు భయపడి మొగవాళ్లు పూజకు టైముకు వస్తున్నారట. ఆమె పకపకా నవ్వి, వాళ్లలో దగ్గరున్నామె తొడ మీద చరిచి, నిచ్చెనను లూసియా దగ్గరికి జరిపించింది.

గుడ్డు ఒకటి కొంగున కట్టుకునే వచ్చింది. పచ్చసొన అరచేతిలో ఆరబెట్టి, నలుపు కలిపి ఎక్కింది. అద్దం అడగలేదు. పైన ఆమె ఊపిరి బిగబట్టింది, కింద నేను బిగబట్టాను. మూసిన రెప్పను సుద్దతో కప్పి, ఆరాక, కుడికన్ను తెరిచింది. తెల్లగుడ్డు, నల్లగుడ్డు, లోపల గింజంత వెలుగు. ఇంత చక్కటి కన్ను ఆ ఎనిమిది చెక్కల్లో ఇంకోటి లేదు. తర్వాత కుంచె తలకు తుడుచుకుని దిగింది.

"ఎడమది?"

"నా ఎడమ కంటి పొర దీపావళి అయినంక తీస్తరట. గది అయినంక గిది. లెక్క తప్పొద్దు."

దీపావళికి ఇంకా పది రోజులుందనగా, ఒక పొద్దున సున్నం బకెట్ కలుపుతూ, పక్కామెతో ఏదో నవ్వుతూ, కూర్చున్నచోటే వెళ్లిపోయింది. నవ్వు పూర్తవలేదని పక్కామె చెప్పింది.

తర్వాత ఆ ఫాదర్‌కు బదిలీ అయింది. కొత్తగా వచ్చిన ఫాదర్ మంచివాడే. పళ్లెంలో ఒక కన్ను తెరుచుకుని, ఒక కన్ను మూసుకుని ఉండటం బాగాలేదని హాలియా నుంచి ఒక పెయింటర్‌ను పిలిపించాడు. అతను నిచ్చెన వేసుకుని, రంగుడబ్బా తీసుకుని ఎక్కబోయాడు. "వద్దు!" అని అరిచాను. ముప్పై ఏళ్లు బడిలో గొంతు పెంచకుండా పాఠం చెప్పినదాన్ని. ఆ అరుపుకు పెయింటర్ దిగిపోయాడు, ఫాదర్ ఒక అడుగు వెనక్కి వేశాడు, గంట సారు పొరపాటున గంట కొట్టాడు.

కాబట్టి చిన్నీ, మా లూసియా గోడ మీద నిలబడి, పళ్లెం ముందుకు చాపి, ఊరు ఊరంతటికీ కన్ను కొడుతూ ఉంటుంది. పూజ నడుస్తుండగా ముందు వరసలో పిల్లలు తిరిగి ఆమెకు కన్ను కొడతారు. కొత్త ఫాదర్ తనకే అనుకుని ప్రసంగంలో తడబడతాడు. పూజ అయ్యాక నా దగ్గరికి వచ్చి, మీరు పెద్దవాళ్లు, టీచరు కూడా, ఆ పిల్లల్ని కొంచెం కోప్పడండి అంటాడు. అలాగే ఫాదర్ అని తల ఊపుతాను. ఆయనకు తెలియనిది ఒకటుంది. నేనూ ముందు వరసలోనే కూర్చుంటాను, నేనూ కొడతాను.